టైరు సైజు మారిస్తే మీటర్ ఎంత తప్పుతుంది? మీరే కొలుచుకోవడం ఎలా

నా బొలెరో టైర్లు అరిగిపోయాక నల్లగొండలో ఒక టైర్ల షాపుకి పోయి, కంపెనీ సైజు కంటే కాస్త పెద్దవి వేయించాను. చేను దాకా పోయే బాట గుంతలమయం. బండి కొంచెం ఎత్తు లేస్తే కింద తగలకుండా ఉంటుంది కదా అని ఆశ. "మీటర్‌కేమైనా తేడా వస్తదా?" అని అడిగితే "ఏం గాదన్నా, అందరూ ఇవే ఏస్తున్నరు" అన్నాడు షాపు తమ్ముడు. చూడటానికి బండి దర్జాగానే ఉంది.

నెల తిరక్కముందే మైలేజీ పడిపోయింది. లీటరుకు 14.5 ఇచ్చే బండి 13.6కి వచ్చింది. ముందు డీజిల్ మీద అనుమానపడి బంకు మార్చాను. తర్వాత ఇంజెక్టర్ల మీద అనుమానపడి మెకానిక్ దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. చివరికి తేలిందేమిటంటే, బండి తాగేది దాదాపు ఎప్పటిలాగే తాగుతోంది. మీటరే కిలోమీటర్లు తక్కువ రాస్తోంది. అర గంట కాగితం మీద లెక్క వేసుకుని ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. ఆ లెక్క, దాని తర్వాత రోడ్డు మీద చేసుకోవాల్సిన పరీక్ష, ఇక్కడ వరుసగా చెప్తాను. క్యాలిక్యులేటర్, సుద్దముక్క, టేపు, ఫోన్ ఉంటే చాలు.

ముందుగా: మీటర్ ఏం లెక్కపెడుతుందో తెలుసుకోండి

మీటర్‌కి రోడ్డు కనిపించదు. దానికి తెలిసింది చక్రం ఎన్ని చుట్లు తిరిగిందన్నదే. పాత బండ్లలో గేర్‌బాక్స్ నుంచి ఒక కేబుల్ మీటర్ దాకా వచ్చేది. కేబుల్‌తో పాటు లోపల అయస్కాంతం తిరిగేది, దాని లాగుడుకి ముల్లు లేచేది. అదే కేబుల్ చిన్న పళ్ల చక్రాల మీదుగా కిలోమీటర్ల అంకెల్ని తిప్పేది. ఇప్పుడు కేబుల్ పోయి సెన్సర్ వచ్చింది. గేర్‌బాక్స్ దగ్గరో, చక్రాల దగ్గరున్న ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) సెన్సర్ల నుంచో కరెంటు పల్సులు పోతాయి, కంప్యూటర్ వాటిని లెక్కపెడుతుంది. పద్ధతి మారింది గానీ లెక్క మారలేదు. ఇన్ని చుట్లు తిరిగితే ఒక కిలోమీటర్ అని కంపెనీ వాళ్లు తమ టైరు సైజుని బట్టి ముందే రాసిపెట్టేస్తారు.

మీరు పెద్ద టైరు వేశారనుకోండి. ఒక్కో చుట్టుకి బండి ఎక్కువ దూరం పోతుంది, కానీ మీటర్ పాత లెక్కే వేస్తుంది. అంటే నిజంగా పోయిన దూరం కంటే, నిజమైన స్పీడు కంటే తక్కువ చూపిస్తుంది. చిన్న టైరు వేస్తే ఇది తిరగబడుతుంది. ఇంజిన్ ఎంత గట్టిగా తిరిగినా, గేరు ఏదైనా ఈ తేడా మారదు.

ఒకటో పని: కంపెనీ ఇచ్చిన సైజు ఏదో చూడండి

ఇప్పుడు బండికి ఉన్న టైరు మీద రాసిన సైజు చూసి సరిపెట్టుకోకండి. సెకండ్ హ్యాండ్ బండి అయితే మీకంటే ముందు వాడినవాళ్లు ఏం వేశారో ఎవరికి తెలుసు? డ్రైవర్ వైపు డోర్ తెరిస్తే పక్కన స్తంభం మీద గాలి ఎంత పెట్టాలో చెప్పే స్టిక్కర్ ఉంటుంది. సైజు అక్కడే రాసి ఉంటుంది. స్టిక్కర్ చిరిగిపోతే బండి పుస్తకంలో చూడండి.

అక్కడ ఒకే మోడల్‌కి రెండు సైజులు కనిపించవచ్చు. ఉదాహరణకి 2018లో వచ్చిన స్విఫ్ట్‌లో తక్కువ రకానికి 165/80 ఆర్14, పై రకానికి 185/65 ఆర్15 ఇచ్చారు. చూస్తే రెండూ వేరువేరుగా ఉన్నాయి గానీ టైరు మొత్తం ఎత్తు లెక్క వేస్తే (ఎలాగో కింద చెప్తాను) మొదటిది 619.6 మిల్లీమీటర్లు, రెండోది 621.5. తేడా రెండు మిల్లీమీటర్ల లోపే. రిమ్ము ఒక అంగుళం పెంచినా టైరు ఎత్తు మారకుండా కంపెనీ వాళ్లు జాగ్రత్త పడ్డారు. అల్లాయ్ వీల్స్ వేయించుకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. రిమ్ము పెరిగినంత మాత్రాన మీటర్ చెడదు, మొత్తం టైరు ఎత్తు మారితేనే చెడుతుంది.

రెండో పని: కాగితం మీద లెక్క

నా బండికి కంపెనీ సైజు 215/75 ఆర్15. ఇందులో 215 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 75 అంటే ఆ వెడల్పులో నూటికి 75 వంతులు పక్క గోడ ఎత్తు. 15 అంటే రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఇలా మూడు రకాల కొలతల్ని ఒకే వరుసలో ఎందుకు కలిపారో గానీ, మొదటిసారి చూసినవాళ్లకి తల తిరుగుతుంది.

215ని 0.75తో గుణిస్తే 161.25. టైరు పైనా కిందా రెండు వైపులా గోడ ఉంటుంది కాబట్టి దాన్ని రెట్టింపు చేస్తే 322.5. రిమ్ము 15 అంగుళాలు, అంగుళానికి 25.4 మిల్లీమీటర్ల చొప్పున 381. రెండూ కలిపితే 703.5 మిల్లీమీటర్లు. అది కంపెనీ టైరు ఎత్తు.

నేను వేయించింది 235/75 ఆర్15. అదే పద్ధతిలో 176.25ని రెట్టింపు చేస్తే 352.5, దానికి 381 కలిపితే 733.5.

ఇప్పుడు కొత్త ఎత్తుని పాత ఎత్తుతో భాగించండి. 733.5 ÷ 703.5 = 1.0426. నాకు కావాల్సింది ఈ అంకె ఒక్కటే. అంటే మీటర్ 100 కిలోమీటర్లు రాస్తే బండి నిజంగా 104.26 పోయినట్టు. షాపులో వెడల్పు 20 మిల్లీమీటర్లే కదా పెరిగింది అనుకున్నాను. 75 అన్న అంకె మారకపోయేసరికి వెడల్పుతో పాటు గోడ ఎత్తు కూడా పెరిగిపోయిందన్న సంగతి అప్పుడు తట్టలేదు.

చాలామంది కార్ల మీద ఉండే 185/65 ఆర్15 తీసుకుందాం. దాని బదులు 195/65 ఆర్15 వేస్తే 634.5 వస్తుంది, అంటే నూటికి 2.1 ఎక్కువ. 195/60 ఆర్15 వేస్తే 615, నూటికి ఒకటి తక్కువ. 205/65 ఆర్15 వేస్తే 647.5, నూటికి 4.2 ఎక్కువ. రిమ్ము 16కి మార్చి 195/55 ఆర్16 వేస్తే 620.9, అసలు తేడానే లేనట్టు. వెడల్పు పెంచినప్పుడు మధ్య అంకె తగ్గించాలి, రిమ్ము పెంచినా అదే. సాధారణంగా పాత ఎత్తుకి అటూ ఇటూ నూటికి మూడు లోపల ఉండాలంటారు. నేనైతే రెండు దాటితేనే ఎందుకు వేస్తున్నారని అడుగుతాను. ఎత్తు సరిపోయినా, టైరు మీద లోడ్ అంకె (ఎంత బరువు మోస్తుందో చెప్పేది), స్పీడు అక్షరం (ఎంత స్పీడు తట్టుకుంటుందో చెప్పేది) కంపెనీ టైరు కంటే తక్కువవి తీసుకోకండి. అది మీటర్ సంగతి కాదు, ప్రాణం సంగతి.

మూడో పని: సుద్దముక్కతో కొలవడం

కాగితం లెక్క నమ్మాలనిపించకపోతే, లేదా టైరు మీద రాత అరిగిపోతే ఇది చేయండి. ఒకే సైజు అని రాసి ఉన్నా కంపెనీని బట్టి అసలు ఎత్తులో కొన్ని మిల్లీమీటర్ల తేడా ఉంటుంది కాబట్టి, ఓపిక ఉంటే ఎలాగైనా చేయడం మంచిది.

సాఫీగా ఉన్న సిమెంటు నేల చూడండి. వడ్లు ఆరబోసే కల్లం దొరికితే అంతకంటే మంచిది లేదు. టైర్లలో గాలి సరిగ్గా పెట్టించి, టైరు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. టైరు నేలని తాకే చోట టైరు మీదా నేల మీదా సుద్దతో ఒక గీత గీయండి. మీరు స్టీరింగ్ దగ్గర కూర్చోండి, వెనక నుంచి ఇద్దరు మెల్లగా నెట్టాలి. టైరు మీది గీత ఐదుసార్లు కిందికి వచ్చాక ఆగి, నేల మీద రెండో గీత గీసి టేపుతో కొలవండి. ఒక్క చుట్టు కొలిస్తే టేపు కాస్త జరిగినా లెక్క చెడుతుంది, ఐదు చుట్లయితే ఆ పొరపాటు ఐదు వంతుల్లో కలిసిపోతుంది.

నా స్టెప్నీ పాత సైజుదే, దాదాపు వాడనిది. దాన్ని వెనక చక్రానికి ఎక్కించి కొలిస్తే ఐదు చుట్లకి 10.72 మీటర్లు వచ్చింది. కొత్త టైరు ఎక్కించి కొలిస్తే 11.18. భాగిస్తే 1.043. కాగితం లెక్కకి దగ్గరగానే వచ్చింది కదా. ఎత్తుని 3.14తో గుణిస్తే వచ్చే చుట్టుకొలత కంటే ఈ కొలత తక్కువగా ఉంటుంది. బరువుకి టైరు కింద కాస్త నొక్కుకుపోతుంది, అందుకని. రెండు టైర్లూ అలాగే నొక్కుకుంటాయి కాబట్టి భాగహారం మాత్రం చెడదు.

నాలుగో పని: రోడ్డు మీద పరీక్ష. ఇది టైరు మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి

అందరూ వదిలేసేది టైరు మార్చకముందు చేయాల్సిన పరీక్షే. పాత టైర్ల మీద మీటర్ ఎలా ఉండేదో తెలియకపోతే కొత్త టైర్ల మీద ఎంత చెడిందో ఎలా తెలుస్తుంది?

నల్లగొండ వైపు వాళ్లకి 65వ నంబరు జాతీయ రహదారి, నార్కట్‌పల్లి దాటాక సూర్యాపేట వైపు. మహబూబ్‌నగర్ వైపు వాళ్లకి 44వ నంబరు రోడ్డు, జడ్చర్ల దాటాక భూత్పూర్, కొత్తకోట వైపు. పొద్దున ఆరు గంటలకి పోతే లారీల రద్దీ తక్కువ. రాసుకునే పని పక్కన కూర్చున్నవాళ్లది, బండి నడిపేవాళ్ల చూపు రోడ్డు మీదే ఉండాలి.

స్పీడు చూడటానికి మీటర్ ముల్లు సరిగ్గా 80 మీద నిలబెట్టి, సమతలంగా ఉన్న చోట అర నిమిషం కదలకుండా పోండి. ఫోన్‌లో జీపీఎస్ స్పీడు ఎంత చూపిస్తోందో పక్కవాళ్లు చూసి రాయాలి. జీపీఎస్ కాస్త ఆలస్యంగా స్పందిస్తుంది కాబట్టి స్పీడు పెంచుతున్నప్పుడు, తగ్గిస్తున్నప్పుడు చూసిన అంకె పనికిరాదు. ఫోన్ లేకపోయినా పర్వాలేదు, రోడ్డు పక్కన పసుపు తలకాయ ఉన్న కిలోమీటర్ రాళ్లు ఉన్నాయి. ఐదు రాళ్ల దూరాన్ని స్టాప్‌వాచ్‌తో చూసి, 5ని 3600తో గుణించి వచ్చిన సెకన్లతో భాగించండి. ముల్లు 60 మీద ఉంచితే ఐదు కిలోమీటర్లకి 300 సెకన్లు పట్టాలి. 315 పడితే మీ అసలు స్పీడు 57. రాళ్ల వరుస మధ్యలో తెగినట్టు కనిపిస్తే, అంటే బైపాస్ వచ్చిన చోట, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

దూరం చూడటానికి ట్రిప్ మీటర్ సున్నా చేసి కనీసం 20 రాళ్లు పోండి. ట్రిప్ మీటర్ పదో వంతు కిలోమీటర్ వరకే చూపిస్తుంది. రెండు కిలోమీటర్లకే ఆపేస్తే ఆ పదో వంతే నూటికి ఐదు తేడా అవుతుంది. యాభై పోగలిగితే ఇంకా మంచిది.

ఇలా కొలిస్తే చాలామందికి ఒక వింత కనిపిస్తుంది. కంపెనీ టైర్ల మీద కూడా ముల్లు అసలు స్పీడు కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది, కిలోమీటర్ల లెక్క మాత్రం దాదాపు సరిగ్గా ఉంటుంది. అది లోపం కాదు, కావాలని అలా పెడతారు. ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన ప్రకారం కారు ముల్లు ఎప్పుడూ అసలు స్పీడు కంటే తక్కువ చూపించకూడదు. ఎక్కువ చూపిస్తే మాత్రం అసలు స్పీడులో పదో వంతు, దానిపైన మరో 4 వరకు ఒప్పుకుంటారు. అంటే నిజంగా 100లో పోతుంటే ముల్లు 100 నుంచి 114 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. అందుకే కంపెనీలు ముల్లుని కాస్త పైకి పెట్టి వదులుతాయి. కిలోమీటర్లకి ఆ పైకి పెట్టడం ఉండదు.

దీనివల్లే నేను మోసపోయాను. పాత టైర్ల మీద మీటర్ 80 చూపిస్తే ఫోన్ 76 చూపించేది. కొత్త టైర్లు వేశాక అదే 80 దగ్గర ఫోన్ 79 చూపించింది. చూశారా, మీటర్ ఇప్పుడు ఫోన్‌తో కలిసింది, టైర్లు మార్చడం మంచిదే అయిందని సంబరపడ్డాను. ముల్లు సరైపోయిన మాట నిజమే. అప్పటిదాకా సరిగ్గా ఉన్న కిలోమీటర్ల లెక్క అదే దెబ్బకి చెడిపోయింది. కాబట్టి రెండింటినీ విడివిడిగా కొలవండి, ఒకటి చూసి రెండోది ఊహించకండి.

ఇంకో సంగతి. 2019 జూలై నుంచి కొత్త కార్లకి స్పీడు బీప్ తప్పనిసరి చేశారు. 80 దాటితే ఉండుండి, 120 దాటితే ఆగకుండా మోగుతుంది. ఆ బీప్ వచ్చేది కూడా ఇదే చుట్ల లెక్క మీద. రోడ్డు పక్కన స్పీడ్ గన్ పట్టుకున్న పోలీసు దగ్గర మాత్రం మీ టైరు సైజు లెక్కలోకి రాదు. అది బండినే కొలుస్తుంది. పెద్ద టైర్లు వేసినవాళ్లు ముల్లుని నమ్ముకుని లిమిట్ అంచున పోతే చలానా ఇంటికి వస్తుంది.

ఐదో పని: వచ్చిన అంకెని వాడటం

మీ అంకెని, నాకైతే 1.043, ఒక చిన్న స్టిక్కర్ మీద రాసి డాష్‌బోర్డు పక్కన అంటించండి. ట్యాంకు నిండుగా కొట్టించి, మళ్లీ నిండుగా కొట్టించే వరకు మీటర్ చూపిన కిలోమీటర్లని దానితో గుణించి, తర్వాత లీటర్లతో భాగించండి. నా 13.6ని గుణిస్తే 14.2 వచ్చింది. పాత 14.5తో పోలిస్తే నిజంగా తగ్గింది 0.3 మాత్రమే. పెద్ద టైరు బరువెక్కువ, అది తినే వాటా అదీ. మిగతా అంతా మీటర్ మాయ.

సర్వీసుకీ ఇదే లెక్క. ఆయిల్ 10,000 కిలోమీటర్లకి మార్చాలని ఉంటే, నా మీటర్ 9,600 దగ్గరే బండి 10,000 దాటేసి ఉంటుంది.

టైరు మార్చకపోయినా ఈ తేడా కొంత వస్తుందని చాలామందికి తెలియదు. కొత్త కారు టైరు గాడి లోతు సుమారు 8 మిల్లీమీటర్లు ఉంటుంది. 1.6కి వచ్చేసరికి టైరు పని అయిపోయినట్టు. అంటే ఎత్తు దాదాపు 13 మిల్లీమీటర్లు తగ్గింది, 621 మీద అది నూటికి రెండు. అరిగిన టైర్ల మీద మీటర్ కిలోమీటర్లు కాస్త ఎక్కువ రాస్తుంది. అదే సైజు కొత్త టైర్లు వేయించిన వారానికే "మైలేజీ తగ్గిందన్నా" అని గొణిగేవాళ్లలో సగం మంది కథ ఇదే.

కిరాయి బండ్ల దగ్గర ఇది డబ్బు సంగతి అవుతుంది. 185/65 ఆర్15 ఉండాల్సిన బండికి 175/65 ఆర్15 వేశారనుకోండి. అది 608.5, నూటికి రెండు తక్కువ. తిరుపతి పోయి రావడానికి వెయ్యి కిలోమీటర్లు అనుకుంటే మీటర్ 1,021 చూపిస్తుంది. కిలోమీటరుకు 15 రూపాయల చొప్పున మీ మీద 300 పైచిలుకు పడుతుంది. బండి ఆయనకి కూడా ఈ సంగతి తెలియకపోవచ్చు, కాబట్టి గొడవ పెట్టుకోకుండా ఫోన్‌లో మ్యాప్ దూరం చూపించి మాట్లాడుకోండి.

సరిచేయించుకోవాలంటే

అన్నిటికంటే సులువైనది, వచ్చేసారి కంపెనీ సైజే వేయించడం. కొన్ని కొత్త కార్లలో షోరూమ్ సర్వీసులో కంప్యూటర్ తగిలించి టైరు సైజు మార్చి పెట్టే వీలుంది, మీ మోడల్‌కి ఉందా అని అడగండి. కేబుల్ ఉన్న పాత జీపుల్లో గేర్‌బాక్స్ దగ్గర చిన్న పళ్ల చక్రం మార్చి సరిచేస్తారు. ఎవరైనా "మీటర్ రీడింగ్ కూడా వెనక్కి తిప్పేస్తా" అంటే మాత్రం అక్కడి నుంచి లేచి వచ్చేయండి. లెక్క సరిచేయడం వేరు, కొనేవాళ్లని ముంచడం వేరు.

నాలుగు చక్రాలకీ ఒకే సైజు ఉండాలి. ముందు రెండు ఒకటి, వెనక రెండు ఒకటి వేస్తే చుట్లు తేడాగా వచ్చి ఏబీఎస్ లైటు వెలగొచ్చు. నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం పోయే బండి అయితే లోపలి పళ్లే పాడవుతాయి. స్టెప్నీ చిన్న సైజుదైతే దాని మీద రాసిన స్పీడు దాటకుండా పంక్చర్ షాపు దాకా మాత్రమే పోండి.

బైకు వాళ్లకి

చాలా బైకుల్లో, ముఖ్యంగా కేబుల్ మీటర్ ఉన్న పాత కమ్యూటర్ బండ్లలో, కేబుల్ ముందు చక్రం హబ్ నుంచి వస్తుంది. మీటర్ కింద నుంచి కేబుల్ ఎటు పోతుందో వంగి చూస్తే తెలిసిపోతుంది. అలాంటి బండికి వెనక ఎంత లావు టైరు వేసినా, చైన్ స్ప్రాకెట్ మార్చినా మీటర్‌కి పట్టదు. ముందు టైరు 2.75-18 నుంచి 3.00-18కి మారిస్తే మాత్రం సుమారు నూటికి రెండు తేడా వస్తుంది. ఈ రకం సైజుల్లో మధ్య అంకె ఉండదు, గోడ ఎత్తు వెడల్పంతే అనుకుని లెక్క వేయండి. సెన్సర్ ఉన్న కొత్త బైకుల్లో అది ముందు చక్రం దగ్గరుందా, వెనక ఉందా, గేర్‌బాక్స్‌లో ఉందా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. గేర్‌బాక్స్‌లో ఉంటే స్ప్రాకెట్ మార్చినా లెక్క మారిపోతుంది.

ఇదంతా మా బాబాయికి చెప్తే, "మరి మన ట్రాక్టర్‌కి వెనక పెద్ద టైర్లు ఏసినం గదా, మీటర్ తప్పు చూపిస్తున్నట్టేనా?" అన్నాడు. ట్రాక్టర్‌లో మనం చూసేది గంటల మీటర్. అది ఇంజిన్‌ని చూస్తుంది, చక్రాన్ని కాదు. టైరు ఎంత మార్చినా గంటలు అవే. దుక్కికి గంట లెక్కన కిరాయి ఇచ్చేవాళ్లకి ఆ భయం అక్కర్లేదు. కాకపోతే పాత రకం గంటల మీటర్లు ఇంజిన్ చుట్ల మీదే నడుస్తాయి, ఐడిల్‌లో వదిలేసి టీ తాగి వస్తే అందులో అర గంట కూడా నిండు అర గంటగా పడదు. ఆ సంగతి విని మా బాబాయి చాలాసేపు నవ్వాడు. ఎవరిని గుర్తు చేసుకున్నాడో మాత్రం చెప్పలేదు.